చిన్న బడ్జెట్‌తో కుర్ర కౌంటీ జట్టును కట్టడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి 18 ఫస్ట్‌క్లాస్ కౌంటీలున్నాయి, అంటే ప్రాంతాల పేర్లతో ఆడే ప్రొఫెషనల్ జట్లు. నిబంధనలు అందరికీ ఒకటే, క్యాలెండర్ కూడా ఒకటే. డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి దారి వాళ్లది. లండన్ ఓవల్‌లో టెస్టులు నడుపుకునే సర్రే 2022, 2023, 2024 సీజన్లలో వరసగా మూడుసార్లు కౌంటీ ఛాంపియన్‌షిప్ (రెండు డివిజన్లుగా సాగే నాలుగు రోజుల మ్యాచ్‌ల లీగ్) గెలిచింది. టెస్టు మ్యాచ్‌లు రాని లెస్టర్‌షైర్, నార్తాంప్టన్‌షైర్, డెర్బీషైర్, వూస్టర్‌షైర్ లాంటి కౌంటీలు ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు పంపే వాటా మీదే ఎక్కువగా నెట్టుకొస్తాయి. అలాంటి ఒక కౌంటీకి మీరు క్రికెట్ డైరెక్టర్ అనుకోండి. పేరున్న ఆటగాళ్లను కొనే స్తోమత లేదు. ఉన్నదల్లా కొందరు కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు సీనియర్లు, మూడేళ్ల గడువు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్న తెలుగువాళ్లకు మునుపటంత దూరం కాదు. అజారుద్దీన్ డెర్బీషైర్‌కు, లక్ష్మణ్ లాంకషైర్‌కు ఆడిన రోజుల్లో కౌంటీ క్రికెట్ అంటే మనకు పేపర్లో చిన్న స్కోరుకార్డు. సిరాజ్, విహారి వార్విక్‌షైర్‌కు ఆడారు. తిలక్ వర్మ 2025లో హాంప్‌షైర్ తరఫున తొలి మ్యాచ్‌లోనే సెంచరీ కొట్టాడు. అదే హాంప్‌షైర్‌లో 2024లో జీఎంఆర్ గ్రూపు మెజారిటీ వాటా కొన్నది. మరుసటి ఏడాది సన్‌రైజర్స్ యాజమాన్యం లీడ్స్‌లోని హండ్రెడ్ (ఇన్నింగ్స్‌కు వంద బంతుల టోర్నీ) జట్టును మొత్తంగా తీసుకుంది. ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కౌంటీ వయో జట్ల ఎంపికలకు వెళుతున్నారు. పెద్ద కౌంటీలు ఎలా నడుస్తాయో డబ్బే చెబుతుంది. చిన్న కౌంటీ ఎలా నిలబడుతుందో తెలియాలంటే దగ్గరగా చూడాలి.

నా ఉదాహరణలు ఎక్కువగా లెస్టర్‌షైర్ నుంచి వస్తాయి, దానికి కారణముంది. 2013, 2014 సీజన్లలో ఆ జట్టు ఛాంపియన్‌షిప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2022లో మళ్లీ అదే పరిస్థితి. కానీ 2023లో వన్డే కప్ గెలిచింది. 2025లో రెండో డివిజన్ విజేతగా నిలిచి, 2003 తర్వాత మొదటిసారి పై డివిజన్‌లో చోటు సంపాదించింది. అడుగున పడి మళ్లీ లేచిన జట్టును చూస్తే ఏది పనిచేస్తుందో, ఏది చేయదో రెండూ తెలుస్తాయి.

1. మొదట జీతాల పట్టిక వేయండి

కౌంటీ జట్టు జీతాలకు బోర్డు పైన ఒక పరిమితి, కింద ఒక పరిమితి పెడుతుంది. 2019 చివర్లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2020 నుంచి 2024 మధ్య పై పరిమితి 20 లక్షల పౌండ్ల నుంచి 25 లక్షలకు, కనీస ఖర్చు 7.5 లక్షల నుంచి 15 లక్షలకు పెరగాలి. 21 దాటిన ఆటగాడికి కనీస జీతం 27,500 పౌండ్లు, రూకీ కాంట్రాక్టుకు (కొత్త కుర్రాడి తొలి ఒప్పందానికి) 18,000 అని అప్పుడే రాసుకున్నారు. ఆ తర్వాత అంకెలు మారుతూ వచ్చినా ఆకారం అదే. పెద్ద కౌంటీ పై గీతను తాకుతుంది, మీరు కింది గీత దగ్గర ఉంటారు.

15 లక్షల పౌండ్లతో 22 మంది జట్టును ఎలా సర్దవచ్చో నేను వేసుకున్న నమూనా ఇది. ఏ కౌంటీ లెక్కా కాదు, నిష్పత్తులు చూపించడానికి మాత్రమే. ఇద్దరు విదేశీయులకు కలిపి 2.5 లక్షలు. నలుగురు సీనియర్లకు తలా 90 వేల చొప్పున 3.6 లక్షలు. మధ్య వయసు ఆటగాళ్లు ఏడుగురికి తలా 55 వేల చొప్పున 3.85 లక్షలు. ఆరుగురు కుర్రాళ్లకు తలా 30 వేల చొప్పున 1.8 లక్షలు. ముగ్గురు రూకీలకు 60 వేలు. మొత్తం 12.35 లక్షలు. మిగిలిన 2.65 లక్షలను మొదటి నెలలోనే ఖర్చుపెట్టేస్తే మీ పని అక్కడితో అయిపోయినట్టే. అందులో లక్ష సీజన్ మధ్యలో గాయాలప్పుడు అరువు ఆటగాళ్ల కోసం. మిగతాది, సీజన్‌లో ఎదిగిన కుర్రాడికి ఒప్పందం గడువు ముగియకముందే జీతం పెంచడానికి. చిన్న కౌంటీలు ఎక్కువగా తడబడేది ఈ రెండో పద్దు దగ్గరే. ఎదిగినవాడికి ఇవ్వడానికి డబ్బు మిగలదు, ఎందుకంటే ఏప్రిల్‌లో ఒక పేరున్న ఆటగాడికి అదనంగా 40 వేలు ఇచ్చేశారు.

కోచ్‌ల జీతాలు, ఫిజియో, సెకండ్ ఎలెవన్ (కౌంటీ రెండో జట్టు) ప్రయాణాలు ఈ పట్టికలోకి రావు. అయినా వాటిని దీని పక్కనే పెట్టుకుని చూడండి. ఒక మధ్యస్థ ఆటగాడి జీతంతో మంచి పేస్ బౌలింగ్ కోచ్ దొరుకుతాడంటే కోచ్‌నే తీసుకోండి. ఆటగాడు ఒక్కడే ఆడతాడు, కోచ్ ఐదుగురు బౌలర్ల మీద పనిచేస్తాడు.

2. మీ దగ్గర అమ్మకానికి ఏముందో తెలుసుకోండి

జీతంలో మీరు పోటీపడలేరు. స్టేడియంలో, జిమ్‌లో, ప్రేక్షకుల సంఖ్యలో కూడా పడలేరు. పెద్ద కౌంటీ ఇవ్వలేనిది మీ దగ్గర ఒక్కటే ఉంది: తుది జట్టులో చోటు. సర్రే సెకండ్ ఎలెవన్‌లో ఉన్న 20 ఏళ్ల బ్యాటర్‌కు ఏప్రిల్‌లో కొత్త బంతిని ఎదుర్కొనే అవకాశం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. మీ దగ్గర వచ్చే వారమే రావచ్చు.

నా దృష్టిలో ఈ మొత్తం పనికి మూలం ఇదే. మిగతా అడుగులన్నీ దీనిమీదే నిలబడతాయి. ఆటగాడితో, అతని తల్లిదండ్రులతో, ఏజెంటుతో మాట్లాడేటప్పుడు మీరు ముందుకు పెట్టాల్సింది కూడా ఇదే. ‘‘మొదటి సీజన్‌లో ఆరు ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు, వన్డే కప్ మొత్తం, ఐదో నంబర్ స్థానం’’ అని చెప్పండి, చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకోండి, రాసింది చేయండి. రెండు సున్నాలకు భయపడి మూడో మ్యాచ్‌లో ఆ కుర్రాణ్ని తీసేస్తే, ఆ వార్త పక్క కౌంటీ డ్రెస్సింగ్ రూమ్‌కు సాయంత్రానికల్లా చేరుతుంది. తర్వాత మీ మాటకు ఎవరూ విలువివ్వరు.

చోటు ఇవ్వాలంటే చోటు ఖాళీగా ఉండాలి. అందుకే జట్టు సంఖ్యను అదుపులో పెట్టండి. ఒక స్థానానికి ఇద్దరు చాలు. ముగ్గురున్నారంటే ఒకడికి మీరు జీతమిచ్చి మరీ కూర్చోబెడుతున్నారని అర్థం.

3. నలుగురు సీనియర్లను ఎంచుకోండి, వాళ్ల పని ఏమిటో ముందే చెప్పండి

మొత్తం కుర్రాళ్లతోనే దిగిన జట్టు ఏప్రిల్ వాతావరణంలో డ్యూక్స్ బంతికి (ఇంగ్లండ్‌లో వాడే, బాగా స్వింగయ్యే బంతి) మొదటి గంటలోనే కూలిపోతుంది. ఒకసారి 40కి 5 అయితే పర్వాలేదు. వరసగా నాలుగు మ్యాచ్‌ల్లో అలా అయితే, ఓటమి ఒక అలవాటుగా మారుతుంది. అలవాటుపడ్డ కుర్రాణ్ని మామూలు మనిషిని చేయడానికి రెండు సీజన్లు పడుతుంది.

కావలసిన నలుగురు వీళ్లు: కొత్త బంతిని ఆడగల ఓపెనర్ ఒకరు, వికెట్‌కీపర్ ఒకరు, రోజుకు 20 ఓవర్లు వేయగల సీమర్ ఒకరు, బ్యాట్ పట్టగల ఆల్‌రౌండర్ ఒకరు. వికెట్‌కీపర్ పేరు చూసి ఆశ్చర్యపడకండి. కుర్ర బౌలర్ చెదిరిపోయినప్పుడు ఓవర్ల మధ్య వెళ్లి భుజం తట్టేది కీపరే. బంతి ఎక్కడ పడుతోందో అందరికంటే ముందు తెలిసేది కూడా అతనికే. లెస్టర్‌షైర్ వూస్టర్‌షైర్ నుంచి బెన్ కాక్స్‌ను, హాంప్‌షైర్ నుంచి ఇయాన్ హాలండ్‌ను తెచ్చుకుంది. ఇద్దరివీ పత్రికలు పెద్ద అక్షరాల్లో రాసే పేర్లు కావు. జట్టులో పని తెలిసినవాళ్లు.

వయసు చూసి భయపడాల్సిన పనిలేదు. డారెన్ స్టీవెన్స్ 2005లో లెస్టర్‌షైర్ వదిలి కెంట్‌కు వెళ్లాడు, 46 ఏళ్ల వయసులో 2022 సీజన్ వరకు ఆడాడు. నిదానమైన సీమ్ బౌలింగ్, మిడిలార్డర్ పరుగులు. అలాంటి ఒక్క మనిషి జట్టులో ఉంటే కుర్రాళ్ల తప్పులకు కొంత రక్షణ దొరుకుతుంది.

సరైన సీనియర్ ఏం చేయగలడో 2017లో ఎసెక్స్ చూపించింది. 1992 తర్వాత మళ్లీ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆ సీజన్‌లో జేమీ పోర్టర్ 75 వికెట్లు, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఆఫ్‌స్పిన్నర్ సైమన్ హార్మర్ 72 వికెట్లు తీశారు. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది ఎసెక్స్‌లోనే పెరిగినవాళ్లు. హార్మర్ ఒక వైపు ఓవర్లు మింగుతుంటే, పోర్టర్ రెండో వైపు చిన్న చిన్న స్పెల్స్‌లో తాజాగా దిగేవాడు. కోల్‌పాక్ దారిలో (యూరప్ ఒప్పందాల వల్ల కొన్ని దేశాల ఆటగాళ్లను విదేశీయులుగా లెక్కించని పద్ధతి) హార్మర్ వచ్చినట్టు ఇప్పుడు రాలేరు, బ్రెగ్జిట్‌తో 2020 చివర్లో ఆ తలుపు మూసుకుపోయింది. లెక్క మాత్రం మారలేదు: ఒక చివర నమ్మకంగా బిగించే బౌలర్ ఉంటేనే రెండో చివర కుర్రాడు ఎదుగుతాడు.

4. కుర్రాళ్లను నాలుగు చోట్ల వెతకండి

పెద్ద కౌంటీల సెకండ్ ఎలెవన్: ఇది అన్నిటికంటే దగ్గరి దారి. 21, 22 ఏళ్లు, రెండో జట్టులో పరుగులు లేదా వికెట్లు, మొదటి జట్టులో దారి మూసుకుపోయింది. రిషి పటేల్ ఎసెక్స్ నుంచి, టామ్ స్క్రివెన్ హాంప్‌షైర్ నుంచి లెస్టర్‌షైర్‌కు వచ్చింది ఇలాగే. ఇక్కడ చూడాల్సింది సగటు ఒక్కటే కాదు. అతను పరుగులు చేసిన మ్యాచ్‌ల్లో ఎదురుగా ఎవరు బౌలింగ్ చేశారు? మొదటి జట్టులో ఆడిన బౌలర్లు ఎంతమంది? గాయం నుంచి కోలుకుంటూ సెకండ్ ఎలెవన్‌లో దిగిన అంతర్జాతీయ బౌలర్ మీద చేసిన 45, యూనివర్సిటీ బౌలింగ్ మీద చేసిన 140 కంటే ఎక్కువ చెబుతుంది. స్కోరుకార్డుతో ఆగిపోకండి, వెళ్లి చూడండి.

సొంత అకాడమీ: లెస్టర్‌షైర్ ఎంత చిన్న కౌంటీ అయినా, స్టువర్ట్ బ్రాడ్, జేమ్స్ టేలర్ అక్కడి నుంచే వచ్చారు. రేహాన్ అహ్మద్ 2022 డిసెంబరులో కరాచీలో 18 ఏళ్ల 126 రోజుల వయసులో ఇంగ్లండ్ పురుషుల జట్టులో అతి పిన్న వయసు టెస్టు ఆటగాడయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో 48 పరుగులకు 5 వికెట్లు తీశాడు. లెగ్‌స్పిన్నర్‌గా అందరికీ తెలిసిన ఆ కుర్రాణ్ని లెస్టర్‌షైర్ బ్యాటింగ్ క్రమంలో పైకి పంపింది. 2025లో డెర్బీషైర్‌పై ఒకే మ్యాచ్‌లో సెంచరీ, 13 వికెట్లు. పెద్ద కౌంటీలో ఉంటే అతను ఎనిమిదో నంబర్‌లోనే మిగిలేవాడేమో. చోటు ఇవ్వడమంటే జట్టులో పేరు రాయడం ఒక్కటే కాదు, అతని చేతిలో దాగిన రెండో విద్యకు కూడా స్థలం ఇవ్వడం.

ఆలస్యంగా వికసించేవాళ్లు: రిచర్డ్ గ్లీసన్ కంబర్లాండ్ తరఫున మైనర్ కౌంటీల (ఫస్ట్‌క్లాస్ హోదా లేని, ఇప్పుడు నేషనల్ కౌంటీలనే జట్ల) క్రికెట్ ఆడుతూ, 27 ఏళ్ల వయసులో 2015లో నార్తాంప్టన్‌షైర్‌కు వచ్చాడు. 2016లో ఆ జట్టు కౌంటీల టీ20 పోటీ అయిన టీ20 బ్లాస్ట్ గెలిచింది. అతనే 2022లో ఎడ్జ్‌బాస్టన్‌లో 34 ఏళ్ల వయసులో ఇంగ్లండ్‌కు తొలి టీ20 ఆడి రోహిత్, కోహ్లీ, పంత్‌లను అవుట్ చేశాడు. ‘యువ జట్టు’ అన్న మాటకు వయసునే కొలబద్ద చేసుకుంటే ఇలాంటివాళ్లు చేజారిపోతారు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో తక్కువ మ్యాచ్‌లు ఆడి, ఇంకా నేర్చుకునే ఆకలి ఉన్నవాడు 27కైనా మీ లెక్కలో కుర్రాడే. క్లబ్బుల ప్రీమియర్ లీగులు, నేషనల్ కౌంటీల మ్యాచ్‌లు చూడటానికి ఒక మనిషిని పెట్టండి. పూర్తి జీతం అక్కర్లేదు. మాజీ ఆటగాడు, క్లబ్ కోచ్, శనివారాల్లో తిరిగే ఓపిక ఉన్నవాడు చాలు.

దక్షిణాసియా పిల్లలు: దీని గురించి నేను కొంచెం గట్టిగానే చెబుతాను. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీ వెనుక టామ్ బ్రౌన్ పరిశోధన ఉంది. క్లబ్ స్థాయిలో దక్షిణాసియా కుటుంబాల పిల్లలు చాలామంది ఆడుతున్నా, ప్రొఫెషనల్ ఒప్పందాల దగ్గరికొచ్చేసరికి సంఖ్య బాగా పడిపోతోందని ఆ పని చూపించింది. ఆ అకాడమీ నుంచి కాశిఫ్ అలీ వూస్టర్‌షైర్‌కు, జాఫర్ చోహన్ యార్క్‌షైర్‌కు వెళ్లారు. చోహన్‌కు 2024లో ఇంగ్లండ్ జట్టులో పిలుపు కూడా వచ్చింది. అంటే ఇంతకాలం వ్యవస్థ కళ్లు మూసుకుని వదిలేసిన ప్రతిభ అక్కడే ఉంది. పెద్ద ఫీజుల ప్రైవేటు స్కూళ్ల మైదానాల్లో అందరూ వెతుకుతున్నారు, అక్కడ మీకు పోటీ ఎక్కువ. లెస్టర్, బర్మింగ్‌హామ్, బ్రాడ్‌ఫర్డ్ క్లబ్ మైదానాల్లో పోటీ తక్కువ, ఆట ఎక్కువ. ఆ కుటుంబాలతో మాట్లాడేటప్పుడు చదువు గురించి ముందుగా మీరే ఎత్తండి. మన ఇళ్లల్లో 17 ఏళ్ల పిల్లాడి ప్రయాణం ఆగేది ఆట దగ్గర కాదు, ‘డిగ్రీ ఏమవుతుంది’ అన్న ప్రశ్న దగ్గర. లాఫ్‌బరో, కార్డిఫ్, డర్హమ్ లాంటి యూనివర్సిటీల్లో చదువుతూనే క్రికెట్ ఆడే ఏర్పాటు ఉంది. మాంటీ పనేసర్ లాఫ్‌బరో విద్యార్థే. రూకీ కాంట్రాక్టు చదువుకు అడ్డురాదని ఇంట్లో పెద్దవాళ్లకు కాగితం మీద చూపించండి.

ఎంపికలో ఒక చిన్న సూచన. ట్రయల్‌కు వచ్చిన కుర్రాణ్ని ఒక్క రోజు నెట్స్‌లో చూసి తేల్చకండి. నాలుగు రోజుల సెకండ్ ఎలెవన్ మ్యాచ్‌లో ఆడించి, మూడో రోజు సాయంత్రం 90 ఓవర్లు ఫీల్డింగ్ చేశాక ఎలా ఉన్నాడో చూడండి. అప్పటికి అతని శరీరం, బుద్ధి రెండూ బయటపడతాయి.

5. పేసర్ల వీపులు కాపాడండి

కుర్ర జట్టు ఎక్కువగా పోగొట్టుకునేది మ్యాచ్‌లను కాదు, పేసర్లను. 18 నుంచి 22 ఏళ్ల మధ్య నడుము ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. ఆ వయసులో బౌలింగ్ భారం ఒక్కసారిగా పెరిగితే వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ వస్తుంది, ఒక సీజన్ మొత్తం పోతుంది. మీ దగ్గర ముగ్గురు కుర్ర పేసర్లుంటే, ఇద్దరు ఒకేసారి పడిపోయే రోజు వస్తుందని ముందే అనుకుని లెక్క వేయండి.

ఇంగ్లండ్ బోర్డు జూనియర్ క్రికెట్‌కు ఇచ్చిన మార్గదర్శకాల్లో 18, 19 ఏళ్ల పేసర్లకు స్పెల్‌కు 7 ఓవర్లు, రోజుకు 18 ఓవర్లు అన్న హద్దు ఉంది. ప్రొఫెషనల్ మ్యాచ్‌లో ఆ నిబంధన మీ చేయి పట్టుకోదు. అందుకే మీ సొంత హద్దు మీరే పెట్టుకోండి. 20 ఏళ్లలోపు పేసర్‌కు ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు వరసగా రెండుకు మించకూడదు. నెట్స్‌లో వేసిన బంతుల్ని కూడా వారం లెక్కలో కలపండి. చాలామంది మ్యాచ్ ఓవర్లు మాత్రమే రాస్తారు. కుర్రాడు మంగళవారం ప్రాక్టీస్‌లో ఉత్సాహంగా వేసిన 60 బంతులు ఎవరి పుస్తకంలోనూ ఉండవు. ఎక్కువ ఓవర్లు వేసిన వారం కంటే, తక్కువ వేసిన నెల తర్వాత హఠాత్తుగా ఎక్కువ వేయించిన వారమే ప్రమాదం. గాయం నుంచి కోలుకుని వచ్చినవాణ్ని ‘తాజాగా ఉన్నాడు కదా’ అని 25 ఓవర్లు వేయించడం అన్నిటికంటే చెడ్డ పని.

ఎత్తయిన ఎడమచేతి వాటం పేసర్లు చాలా అరుదు. లెస్టర్‌షైర్‌లో జోష్ హల్ అలాంటివాడే, ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. 2023 సెప్టెంబరు 16న ట్రెంట్‌బ్రిడ్జ్‌లో వన్డే కప్ ఫైనల్. లెస్టర్‌షైర్ 89కి 6 వికెట్లు కోల్పోయాక హ్యారీ స్విండెల్స్ 117 నాటౌట్, సామ్ ఎవాన్స్ 60 పరుగులతో జట్టును 267కు చేర్చారు. చివరి ఓవర్‌లో హాంప్‌షైర్‌కు 8 పరుగులు కావాలి. బంతి 19 ఏళ్ల హల్ చేతిలో. లెస్టర్‌షైర్ 2 పరుగుల తేడాతో గెలిచింది. ఏడాది తిరగకుండానే 2024లో హల్ ఓవల్‌లో శ్రీలంకపై టెస్టు ఆడాడు. ఆ చివరి ఓవర్‌ను సీనియర్‌కు ఇచ్చి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కుర్రాడికి ఇచ్చారు. అలాంటి బంతులే ఆటగాణ్ని తయారు చేస్తాయి.

స్పిన్నర్ విషయం కొంచెం వేరు. ఏప్రిల్, మే నెలల్లో పచ్చిక పిచ్‌ల మీద కుర్ర స్పిన్నర్‌కు ఒక ఇన్నింగ్స్‌లో నాలుగు ఓవర్లు దొరకడం కష్టం. అందుకే అతనికి బ్యాటింగ్ నేర్పించండి. పరుగులు చేసే స్పిన్నర్‌ను ఏప్రిల్‌లో కూడా ఆడించగలరు, జులైలో పిచ్ పొడిబారేసరికి అతను చేతివేడి మీద ఉంటాడు.

6. విదేశీ ఆటగాడికి సంతకంతోపాటు ఒక ఉద్యోగం ఇవ్వండి

మూడు వారాలకు వచ్చి వెళ్లే పేరున్న విదేశీయుడు టికెట్లు అమ్మిపెడతాడేమో, జట్టును కట్టడు. ఆ డబ్బుతో రెండు మూడు సీజన్లు వరసగా వచ్చేవాణ్ని పట్టుకోండి. పీటర్ హ్యాండ్స్‌కాంబ్ ఆస్ట్రేలియా నుంచి ఏటా లెస్టర్‌షైర్‌కు వస్తూ, 2025లో కెప్టెన్‌గా జట్టును ప్రమోషన్ దాకా నడిపాడు. బ్యాటర్ అయితే నెట్స్‌లో ఇద్దరు కుర్రాళ్ల బాధ్యత అతనిదని ఒప్పందంలోనే రాయండి. బౌలర్ అయితే మిడాఫ్‌లో నిలబడి కుర్ర బౌలర్‌తో మాట్లాడే పని అతనిది. ఏజెంటు ఇది వింతగా ఉందంటే, వేరే ఆటగాణ్ని చూసుకోండి.

7. ఆగస్టును మీ నెలగా మార్చుకోండి

2021 నుంచి ద హండ్రెడ్ జరిగే రోజుల్లోనే వన్డే కప్ కూడా జరుగుతోంది. పెద్ద కౌంటీల నుంచి పది మంది దాకా హండ్రెడ్ జట్లకు వెళ్లిపోతారు, వాళ్ల వన్డే జట్టు సగం రెండో జట్టే. చిన్న కౌంటీ నుంచి వెళ్లేది ఇద్దరు ముగ్గురే. అంటే ఏడాదిలో ఆ ఒక్క నెల మీ తుది జట్టు దాదాపు పూర్తిగా ఉంటుంది, ఎదుటి జట్టు చీలిపోయి ఉంటుంది. ట్రోఫీ గెలవడానికి చిన్న కౌంటీకి ఇంతకంటే దగ్గరి దారి లేదు. లెస్టర్‌షైర్ 2023లో ఆ దారినే గెలిచింది.

టీ20లో కూడా చిన్న జట్లు గెలిచాయి. లెస్టర్‌షైర్ 2004, 2006, 2011లో, నార్తాంప్టన్‌షైర్ 2013, 2016లో. 2016 ఫైనల్‌లో నార్తాంప్టన్‌షైర్‌కు 80 పరుగులు చేసిన జోష్ కాబ్ లెస్టర్‌షైర్‌లో పెరిగినవాడే. పొట్టి ఆటలో పదకొండు మంది పాత్రలు స్పష్టంగా ఉంటే బడ్జెట్ తేడా సగం తగ్గిపోతుంది. నాలుగు రోజుల ఆటలో ఆ తేడాను దాచడం కష్టం, కాబట్టి అక్కడ డ్రా విలువ తెలుసుకోండి. 2024 నుంచి డ్రాకు 8 పాయింట్లు, గెలుపుకు 16. ఓడిపోయే మ్యాచ్‌ను నాలుగో రోజు సాయంత్రం దాకా నిలబెట్టడం నేర్చుకున్న కుర్ర జట్టుకు సీజన్ చివర్లో ఆ ఎనిమిదులే కలిసొస్తాయి.

8. ఒప్పందాలను మెట్లుమెట్లుగా పెట్టండి, వెళ్లిపోయేవాళ్లకు సిద్ధంగా ఉండండి

మీ కుర్రాడు బాగా ఆడితే ఎవరో ఒకరు అడుగుతారు. బ్రాడ్ 2007 సీజన్ తర్వాత, టేలర్ 2011 తర్వాత లెస్టర్‌షైర్ నుంచి నాటింగ్‌హామ్‌షైర్‌కు వెళ్లారు. 2016లో ఆర్థికంగా కుంగిన డర్హమ్ నుంచి స్టోన్‌మన్, బోర్త్‌విక్ సర్రేకు వెళ్లారు, తర్వాత జెన్నింగ్స్ లాంకషైర్‌కు. మూడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన డర్హమ్‌ను అదే ఏడాది కింది డివిజన్‌కు దింపి, తర్వాతి సీజన్‌కు 48 పాయింట్ల కోత విధించారు. 2023 చివర్లో వూస్టర్‌షైర్ నుంచి జోష్ టంగ్, డిల్లన్ పెన్నింగ్టన్, జాక్ హేన్స్ ముగ్గురూ ఒకేసారి నాటింగ్‌హామ్‌షైర్‌కు మారారు. 2025లో నాటింగ్‌హామ్‌షైర్ ఛాంపియన్ అయింది, వూస్టర్‌షైర్ కింది డివిజన్‌కు దిగింది. ఇది చూసి కోపం రావడం సహజం. నాకూ వస్తుంది. కానీ డైరెక్టర్ కుర్చీలో ఉన్నవాళ్లు కోపాన్ని పట్టికగా మార్చాలి.

ఒకే ఏడాది మూడో వంతు కంటే ఎక్కువ ఒప్పందాలు ముగియకుండా చూడండి. కుర్రాడి ఒప్పందంలో రెండేళ్లు మిగిలి ఉండగానే కొత్తది ముందు పెట్టండి. ఆఖరి ఏడాదిలోకి వెళ్లాక బేరం మీ చేతిలో ఉండదు. 20 ఏళ్లవాడికి మూడేళ్లు ఇవ్వడానికి వెనకాడకండి. అదే 33 ఏళ్లవాడికి ఒక్కో ఏడాదే ఇవ్వండి. ప్రతి ముఖ్య స్థానానికి ‘ఇతను వెళ్తే ఎవరు’ అన్న పేరు మీ దగ్గర రాసి ఉండాలి. ఆ పేరున్నవాడు ఈ సీజన్‌లో కనీసం మూడు మ్యాచ్‌లు ఆడి ఉండాలి. వెళ్లాలని నిర్ణయించుకున్నవాణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టి శిక్షించకండి. మిగతా కుర్రాళ్లు అదంతా గమనిస్తారు, వాళ్ల ఏజెంట్లు కూడా. చివరి మ్యాచ్ దాకా ఆడించి, గౌరవంగా పంపితే, నాలుగేళ్ల తర్వాత 29 ఏళ్ల వయసులో అతను తిరిగి రావచ్చు.

9. మూడు సీజన్ల క్రమం

మొదటి సీజన్‌లో పట్టికలో ఎక్కడ నిలిచారన్నది పక్కన పెట్టండి. 23 ఏళ్లలోపు ఆటగాళ్లు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, పేసర్లు ఎన్ని వారాలు గాయంతో బయట ఉన్నారు, డ్రా చేయాల్సిన మ్యాచ్‌లు ఎన్ని డ్రా అయ్యాయి అన్న మూడు అంకెలే మీ కౌంటీ పాలకమండలి సభ్యులకు చూపించండి. ఈ మాట సీజన్ ముందే వాళ్లతో అనిపించుకోండి. జూన్‌లో మూడు ఓటముల తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

రెండో సీజన్‌లో వన్డే కప్‌ను గట్టిగా లక్ష్యం చేసుకోండి. మొదటి ఏడాది ఆడినవాళ్లలో ఎదగనివాళ్లు ఇద్దరు ముగ్గురు తేలతారు. వాళ్లతో ఆగస్టులోనే మాట్లాడండి, అక్టోబరు దాకా ఆశపెట్టకండి. ఆ ఖాళీల్లోకి పెద్ద కౌంటీల సెకండ్ ఎలెవన్ నుంచి ఇద్దర్ని తెచ్చుకోండి.

మూడో సీజన్‌కు మొదటి ఏడాది దించిన 19 ఏళ్లవాడికి 21 వస్తుంది, వెనుక 20 దాకా ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లుంటాయి. ఆ వయసుకు అంత అనుభవం ఉన్న బ్యాటర్ పెద్ద కౌంటీల్లో కూడా అరుదు. అప్పుడు ఛాంపియన్‌షిప్ ప్రమోషన్ గురించి మాట్లాడండి. పక్కన పెట్టిన 1.65 లక్షల పౌండ్ల పద్దును ఆ శీతాకాలంలోనే తెరవండి. ముందుగా సంతకం చేయించాల్సింది కొత్త బంతి వేసే కుర్రాడితో, తర్వాత మూడో నంబర్ బ్యాటర్‌తో, ఆ తర్వాత కీపర్‌తో.